రెక్కల కథ – 11: వరసగా కొట్టిన గుంటలు

కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ల కన్నా ముందు బండలు ఉండేవి. ఏనుగంతవి కొన్ని, ఇల్లంతవి కొన్ని. కాలనీలు లేస్తున్న రోజుల్లో వాటిని పగలగొట్టడానికి వడ్డెర్లు వచ్చేవారు. సమ్మెట ఎత్తి దబదబా బాదేస్తారనుకుని నిలబడి చూసేవాళ్ళకి నిరాశే మిగిలేది. ఒకాయన ఉలి పట్టుకుని, బండ మీద ఒక గీత వెంబడి, జానెడు జానెడు ఎడంలో చిన్న చిన్న గుంటలు చెక్కుతూ కూర్చునేవాడు. పూటంతా అదే పని. తర్వాత ఒక్కో గుంటలో ఇనప చీల నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోయేవాడు. మళ్ళీ మొదటి నుంచి ఇంకో విడత. బండ ఏమీ అనేది కాదు. ఎన్నో విడతలోనో, దెబ్బ పెద్దది కూడా కాదు, టక్కుమని చప్పుడయ్యేది. గుంట నుంచి గుంటకి గీత పాకి బండ రెండు చెక్కలయ్యేది.

ఈ వారం కథకి ఆ బండ కావాలి. కాసేపు పక్కన పెట్టుకోండి.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా మా వైపు మేడల మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళకి విమానం వింత కాదు. బేగంపేట రన్‌వే పడమటి కొస మా దిక్కే. మూసాపేట మీదుగా కిందికి దిగే విమానం చక్రాలు లెక్కపెట్టేవాళ్ళం. ఆ తర్వాత అవి మాకు మొహం చాటేశాయి. ఇప్పుడు బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనే దిక్కు. 2024 జనవరి 18 నుంచి 21 దాకా జరిగిన ప్రదర్శనకి బోయింగ్ 777-9 వచ్చింది. పక్షి రెక్క ముడుచుకున్నట్టు దాని రెక్కల కొసలు పైకి మడుచుకుంటాయి. విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకి 71.8 మీటర్లు, మడిస్తే 64.8. జనం విరగబడి చూశారు. తయారై ఎన్నో ఏళ్ళయినా ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి అప్పటికింకా దానికి రాలేదు.

జనం ఫొటోలు దిగింది ఎగిరే విమానంతో. దానికి ఎగరని తోబుట్టువు ఒకటి ఉండేది. ఇంజన్లు లేవు, సీట్లు లేవు, రంగు లేదు. పుట్టిందే విరగడానికి. 2019 సెప్టెంబరులో అమెరికాలో ఎవరెట్ ఫ్యాక్టరీలో దాన్ని కట్టేసి, రెక్కలు పైకి వంచుకుంటూ, లోపల గాలి నింపుకుంటూ పోయారు. ఓర్చుకోవాల్సిన బరువులో 99 శాతం దగ్గర రెక్కల వెనక, ఒంటి రేకు పెళ్ళున చీలింది. లోపలి గాలి ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. మొదట తలుపు ఒకటి ఊడిందని మాత్రమే లోకానికి తెలిసింది. చీలింది విమానం ఒళ్ళేనని నవంబరులో సియాటిల్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఒక్క శాతం తక్కువైంది. ఇది ఫెయిలా, పాసా? అసలు ఆ నూరు శాతం ఎక్కడిదో తెలిస్తే గానీ జవాబు చెప్పలేం.

విమానం తన జీవితకాలం మొత్తంలో ఎదుర్కోగలిగిన అతి పెద్ద ఒత్తిడి ఎంతో ముందు లెక్కగడతారు. గాలివాన దెబ్బ, నిటారు మలుపు, బరువైన దిగుడు, అన్నీ చూసి. దాన్ని లిమిట్ లోడ్ అంటారు. దానికి ఒకటిన్నర రెట్లు అల్టిమేట్ లోడ్. కట్టిన విమానం ఆ ఒకటిన్నర రెట్ల కింద మూడు సెకన్లు విరక్కుండా నిలబడాలి. ఆ ఒకటిన్నర అమెరికా సైనిక విమానాల నిబంధనల్లో 1930లలో స్థిరపడింది. ఆనాటి అల్యూమినియం మిశ్రమం శాశ్వతంగా వంగిపోయే బలానికీ తెగిపోయే బలానికీ మధ్య నిష్పత్తి ఇంచుమించు అంతేనని, అందుకే ఆ అంకె వచ్చిందని చెబుతారు. లోహాలు మారాయి, లెక్కలు మారాయి, కంప్యూటర్లొచ్చాయి. అంకె మాత్రం తాతగారి గడియారంలా అక్కడే ఉంది.

ఇంత పెద్ద రెక్కని సమంగా పైకి లాగడం ఎలా? ఎగిరేటప్పుడు గాలి రెక్కని ఒక్కచోట పట్టుకుని ఎత్తదు, ఒళ్ళంతా పరుచుకుని ఎత్తుతుంది. జాకీ మాత్రం ఒకేచోట లాగుతుంది. ఈ చిక్కు విడదీసే పరికరం చూస్తే మన కావడి గుర్తొస్తుంది. ఒక కావడి బద్దకి రెండు కొసలు. ఒక్కో కొసకి మళ్ళీ ఒక చిన్న కావడి. దాని కొసలకి ఇంకా చిన్నవి. అలా పైన ఒక్క జాకీ లాగితే కింద పదహారు చోట్ల వాటాలు పడతాయి. గుర్రపు బండి కట్టే పద్ధతి నుంచి వచ్చిన ఏర్పాటిది. రెక్క నిండా స్ట్రెయిన్ గేజిలు అతికిస్తారు, వేల సంఖ్యలో. లోహం వెంట్రుకవాసి సాగినా అవి చెప్పేస్తాయి.

1995 జనవరిలో పాత 777ని ఇలాగే కట్టి లాగితే లిమిట్ లోడుకి 1.54 రెట్ల దగ్గర రెండు రెక్కలూ ఒకేసారి విరిగాయి. అప్పటికి కొసలు మామూలు చోటు నుంచి 24 అడుగులు పైకి లేచి ఉన్నాయి. ఒకటిన్నరకి కొంచెం పైన విరగడమే ఇంజనీరుకి గర్వం. మరీ బలంగా ఉంటే ఆ అదనపు బరువుకి ప్రతి ప్రయాణంలోనూ నూనె తగలెయ్యాలి. ఎయిర్‌బస్ వాళ్ళ రెండంతస్తుల ఎ380 రెక్క 2006 ఫిబ్రవరి 14న టులూజ్‌లో 1.45 దగ్గరే విరిగింది. తక్కువ పడ్డచోట కాస్త బలం చేర్చి, లెక్కలు చూపించి, ఆ ఏడాది డిసెంబరులో అనుమతి తెచ్చుకున్నారు. 777-9 కూడా 2020 జనవరి 25న ఎగిరింది. కాబట్టి 99 శాతం దగ్గర చీలడం సిగ్గుపడే సంగతే గానీ ప్రళయం కాదు. అందుకు కట్టిందే అది. చీలి, ఎక్కడ బలం చాలలేదో చెప్పింది.

నన్నడిగితే, రెక్క విరగడం ఈ విద్యలో సులువైన భాగం. చప్పుడుంది, వీడియో ఉంది, చప్పట్లున్నాయి. కష్టమైన పరీక్షకి చప్పుడుండదు.

గత వారం కామెట్ కథ చెప్పుకున్నాం. గుర్తు కోసం రెండు ముక్కలు: ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం, 1953 మే 2న కలకత్తా నుంచి లేచిన కాసేపటికే ఒకటి తుపానులో ముక్కలైంది, 1954లో జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మధ్యధరా సముద్రం మీద పేలిపోయాయి. అప్పుడు ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ని నీటి తొట్టిలో పెట్టి, లోపల నీళ్ళు నింపి, ఒత్తిడి పెంచి తగ్గించి, పెంచి తగ్గించి చూశారు. నీళ్ళెందుకంటే, గాలి నింపితే చీలినప్పుడు బాంబులా పేలుతుంది, ఆధారాలు ముక్కలైపోతాయి. నీరు నొక్కితే నొక్కుకోదు కనక చీలిక చీలికలాగే మిగులుతుంది. నిజంగా ఎగిరినవీ తొట్టిలో ఎగిరినట్టు నటించినవీ కలిపి 3,057 ప్రయాణాలకి అది చిరిగింది. లోహానికి అలసట ఉంటుందని లోకానికి అప్పుడు బాగా అర్థమైంది. మన సెంటరింగు మేస్త్రీలకి ఎప్పటినుంచో తెలుసు. బైండింగ్ వైరు తెంపడానికి కటింగ్ ప్లేయరు అక్కర్లేదు, నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే చాలు.

కామెట్ తర్వాత ప్రతి కొత్త విమానానికీ రెండు దేహాలు బలి ఇవ్వడం ఆనవాయితీ అయింది. ఒకటి విరగ్గొట్టడానికి, ఇంకొకటి అలసిపోనివ్వడానికి. ఎ380కి రెండోది జర్మనీలో డ్రెస్డెన్‌లో 2005 సెప్టెంబరు నుంచి నడిచింది. 19,000 ప్రయాణాలు ఎగరాల్సిన విమానాన్ని 47,500 ప్రయాణాల దాకా నేల మీదే ఎగరేశారు. ఇంత చేశాక ఇక భయమేముంది అనిపిస్తుంది కదా. 1988 దాకా చాలామందికి అలాగే అనిపించింది.

ఏప్రిల్ 28, 1988. హవాయి దీవుల్లో హిలో నుంచి హొనలులుకి అలోహా ఎయిర్‌లైన్స్ 243వ నంబరు సర్వీసు. విమానం బోయింగ్ 737-200, వయసు 19 ఏళ్ళు. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు పక్కన, రివెట్ల వరస వెంబడి రేకు మీద పగులు చూసింది. చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి తన సీట్లో కూర్చుంది. ఆమెని తప్పుపట్టలేం. ఆర్టీసీ బస్సు ఎక్కుతూ రేకు ఊడి ఉండటం చూస్తే మనం మాత్రం డ్రైవరుకి చెబుతామా?

24,000 అడుగుల ఎత్తుకి చేరేసరికి విమానం పైకప్పు ముందుభాగం 18 అడుగుల మేర పెట్టె మూత లేచినట్టు లేచిపోయింది. పైలట్ వెనక్కి తిరిగి చూస్తే ఫస్ట్ క్లాసు కప్పు ఉండాల్సిన చోట నీలాకాశం. నడవాలో నిలబడి ఉన్న ఎయిర్ హోస్టెస్ క్లారాబెల్ లాన్సింగ్ గాలికి కొట్టుకుపోయింది. ఆమె దొరకలేదు. ప్రయాణికులంతా బెల్టులు పెట్టుకుని ఉన్నారు. పైలట్ రాబర్ట్ షార్న్‌స్టైమర్, కో పైలట్ మడలైన్ టాంప్కిన్స్ కలిసి ఆ టాపు లేని బండిని పదమూడు నిమిషాల్లో మావీ దీవిలో కహులుయి దగ్గర దించారు. 65 మందికి గాయాలు. విమానంలో ఉన్న 95 మందిలో చనిపోయింది ఒక్కరే. దిగాక తీసిన ఫొటో చూసినవాళ్ళెవరూ ఇది నమ్మరు.

ఆ విమానం 35,496 గంటలు ఎగిరింది. ఎక్కువేం కాదు. కానీ దీవి నుంచి దీవికి గెంతే విమానం కదా, ఒక్కో ప్రయాణం సగటున అరగంట కూడా లేదు. అలా 89,680 సార్లు లేచి దిగింది. ఒక్కో లేవడానికీ లోపల గాలి నిండి ఒళ్ళు ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. 737ని గీసినప్పుడు అనుకున్న ఆయుష్షు 20 ఏళ్ళు, 51,000 గంటలు, 75,000 ప్రయాణాలు. బోయింగ్ వాళ్ళు దాని ఒంటి సగభాగాన్ని దానికి రెండింతలు, అంటే 1,50,000 సార్లు ఉబ్బించి చూశారు. ఏమీ కాలేదు. ఈ విమానం అందులో మూడింట రెండు వంతులు కూడా చెయ్యకుండానే కప్పు ఎగరగొట్టుకుంది.

పరీక్ష అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. పరీక్షకి నిలబెట్టింది వేరే వస్తువు, అంతే. ఒంటి రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే అతుకు విస్తరాకు అతుకు లాంటిది. ఆకు మీద ఆకు వేసి ఈనెపుల్లతో కుట్టినట్టు, రేకు మీద రేకు వేసి మూడు వరసల రివెట్లు. కాకపోతే 737 తొలి విమానాల్లో బరువు మొయ్యాల్సింది రివెట్లు కాదు, రెండు రేకుల మధ్య పెట్టిన జిగురు గుడ్డ. చల్లగా దాచి, తెచ్చి అతికించే ఆ జిగురు మీద తేమ చేరితే పట్టు సరిగ్గా కుదిరేది కాదు. హవాయి ఉప్పుగాలికి కొన్నాళ్ళకి అతుకు విడిపోయింది, లోపల తుప్పు పట్టింది. జిగురు మొయ్యాల్సిన బరువంతా రివెట్ల మీద పడింది. పై వరస రివెట్ల తల రేకులో మునిగేలా చేసిన గుంట పలచటి రేకులో కత్తి అంచులా మిగిలి ఉంది. ప్రతి ప్రయాణానికీ ఆ అంచు కొద్దికొద్దిగా చిరిగింది.

పరీక్షశాలలో జిగురు కొత్తది. 1,50,000 సార్లు ఉబ్బించొచ్చు గానీ 19 వర్షాకాలాలు తెచ్చి పెట్టలేరు. కాలాన్ని తొందరపెట్టే జాకీ ఇంకా ఎవరూ చెయ్యలేదు.

అయినా ఒక్క పగులుకి విమానం కప్పు లేచిపోకూడదు. దానికీ ముందే ఏర్పాటుంది. రేకు కింద దగ్గర దగ్గరగా పట్టీలు, చట్రాలు ఉంటాయి. పగులు పాకుతూ పట్టీ దగ్గరికొచ్చేసరికి అక్కడ ఆగి పక్కకి తిరుగుతుంది. చిన్న రెక్కలా రేకు తెరుచుకుని, లోపలి గాలి బుస్సుమని పోయి, విమానం క్షేమంగా దిగుతుంది. అలా అని లెక్క. ఆ లెక్కలో ఒకటే పగులు ఉంది. అలోహా విమానంలో రివెట్టు రివెట్టుకీ ఒక చిన్న పగులు. ఒక్కోటీ కంటికి ఆనదు. అన్నీ ఒకే వరసలో.

ఇప్పుడు మన బండ తీసుకోండి. ఒక్క గుంట చెక్కి ఎంత కొట్టినా బండ నవ్వుతుంది. వరసగా చెక్కితే ఒక పగులు పక్కదాన్ని చేరడానికి చూస్తుంటుంది. కలిసిన రెండూ మూడోదాన్ని ఇంకా గట్టిగా లాగుతాయి. పట్టీ దగ్గరికి పెద్ద పగులు వచ్చేసరికి ఆ పట్టీ అవతల ముందే చిన్న పగుళ్ళు కాచుక్కూర్చుని ఉన్నాయి. ఆగాల్సిన చోట ఆగలేదు. విడివిడిగా ప్రమాదం లేని పగుళ్ళు, పక్కపక్కన ఉండటమే ప్రమాదం.

ఎంత చిన్న పగుళ్ళు ఎంత ఎడంలో ఉంటే రేకు ఎంత బలం కోల్పోతుంది? ఈ ప్రశ్నకి జవాబులు కూడబెట్టిన వాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. అట్లూరి సత్యనాథం, లోకానికి సత్య అట్లూరి. 1945లో కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా, బెంగళూరు ఐఐఎస్సీ, తర్వాత అమెరికాలో ఎంఐటీ నుంచి 1969లో డాక్టరేట్. చాలాకాలం అట్లాంటాలో జార్జియా టెక్‌లో పాఠాలు చెప్పాడు. అలోహా ప్రమాదం జరిగిన ఏడాదే అమెరికా కాంగ్రెస్ విమాన భద్రత పరిశోధనకి కొత్త చట్టం చేసింది. ఆ ఊపులో విమాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, విమానాల కట్టడాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పరిశోధన కేంద్రానికి జార్జియా టెక్‌ని ఎంచుకుంది. దాన్ని నడిపింది అట్లూరి. ముసలి విమానాల కట్టడం మీద అట్లాంటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు వ్యాసాల్ని మరో ఇద్దరితో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చాడు.

ఆయన చేసిన పని చెప్పడం కొంచెం కష్టమే, ప్రయత్నిస్తాను. విమానాన్ని కంప్యూటర్లో లెక్కగట్టాలంటే దాన్ని లక్షల చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడికీ సమీకరణం రాస్తారు. పగులు ఉన్నచోట గళ్ళు సన్నగా, సన్నసన్నగా కొయ్యాలి. పగులు కొస దగ్గర ఒత్తిడి ఆకాశాన్ని అంటుతుంది కదా. పగులు కాస్త పెరిగితే గళ్ళు మళ్ళీ మొదటి నుంచి కొయ్యాలి. వంద పగుళ్ళుండి, ఒక్కోటీ రోజూ పెరుగుతుంటే? 1980ల కంప్యూటర్ల వల్ల అయ్యే పని కాదు. అట్లూరి బృందం పదును పెట్టిన పద్ధతిలో చిక్కుని రెండుగా విడదీస్తారు. పగులే లేని రేకుని గళ్ళుగా కోసి ఒక లెక్క. అనంతమైన రేకులో ఒక్క పగులు మాత్రమే ఉంటే ఏమవుతుందో గణితంలో ముందే తెలిసిన జవాబు రెండో లెక్క. మొదటిది చెప్పిన తప్పుని రెండోది దిద్దుతుంది, రెండోది మిగిల్చిన తప్పుని మొదటిది. ఇద్దరు వియ్యంకులు కట్నం బేరం ఆడుకున్నట్టు అటూ ఇటూ తిరిగి, కొన్ని విడతల్లో ఒక అంకె దగ్గర కుదురుకుంటారు. పగులు పెరిగినా గళ్ళు మార్చనక్కర్లేదు.

1996లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. 2013లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. గుడివాడ అంటే సినిమాలూ రాజకీయాలూ గుర్తొచ్చే మనకి ఈ పేరు తగలకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

లోహం అలసటని పట్టుకున్న తెలుగు ఇంటిపేరు ఇంకోటి కూడా ఉంది. కాల్‌టెక్‌లో ఇదే విద్య నేర్చుకొచ్చిన వల్లూరి సీతారామారావు 1965 నుంచి 1984 దాకా బెంగళూరులో నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి డైరెక్టర్. తేజస్ విమానాన్ని రూపొందించిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీకి మొదటి డైరెక్టర్ జనరల్ కూడా ఆయనే. ఆయన కథకి వేరే భాగం కావాలి.

మా ఊరి సంగతికొస్తే, విమానం పని ఇక్కడ చుట్టుపక్కలంతా ఉంది. పక్కనే బాలానగర్‌లో హెచ్ఏఎల్ కర్మాగారం 1960ల నుంచీ విమానాల ఎలక్ట్రానిక్స్ చేస్తోంది. అవతల ఆదిబట్లలో టాటావాళ్ళు సి-130జె తోకభాగాలు, బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ ఒళ్ళు, 737 నిలువు తోక కడుతున్నారు. 1988లో కప్పు లేచిపోయిన విమానం వంశానికే ఇప్పుడు తోక మన దగ్గర తయారవుతోంది. ఇక మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో గళ్ళు కోసేవాళ్ళు వేలమంది. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో పెట్టిన ఇన్ఫోటెక్, ఇప్పటి సైయెంట్, ఆ దారి వేసినవాటిలో ఒకటి. ఆ ఉద్యోగం పేరు స్ట్రెస్ ఇంజనీర్. కేపీహెచ్‌బీ హాస్టల్లో ఎవరైనా 'నేను స్ట్రెస్‌లో ఉన్నానన్నా' అంటే ఓదార్చకండి. అతను తన డిపార్ట్‌మెంట్ పేరు చెబుతున్నాడేమో.

కానీ పెద్ద విమానాన్ని కట్టేసి విరగ్గొట్టే షెడ్డు ఇక్కడ లేదు. లెక్క ఇక్కడ, తోక ఇక్కడ, విరగ్గొట్టడం ఎవరెట్‌లోనో టులూజ్‌లోనో. విరిగినప్పుడు దగ్గరుండి చూసినవాడికి అబ్బే విద్య వేరు. చీలిక ఎక్కడ మొదలైందో, ఏ రివెట్టు ముందు మూలిగిందో తెర మీద రంగులు చూసేవాడికి అంతగా అందదు. ఇది నా అభిప్రాయం. స్ట్రెస్ ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు.

అలోహా తర్వాత 22 ఏళ్ళకి, 2010లో, ఎఫ్ఏఏ ఒక నియమం తెచ్చింది. ప్రతి పెద్ద విమానం రకానికీ ఒక హద్దు ప్రకటించాలి. ఇన్ని ప్రయాణాలు, లేదా ఇన్ని గంటల దాకా, వరస పగుళ్ళు రావని పరీక్ష ఆధారాలతో మేం చెప్పగలం అని. ఆ హద్దు దాటితే విమానం చూడ్డానికి ఎంత నిగనిగలాడుతున్నా ఎగరకూడదు. ఎగరాలంటే తయారీదారు కొత్త ఆధారాలు చూపించి హద్దు పెంచుకోవాలి. కాబట్టే డ్రెస్డెన్ లాంటి చోట్ల విమానాలు ఏళ్ళ తరబడి కట్టేసి ఉబ్బుతూనే ఉంటాయి. గాల్లో ఉన్న అన్నిటికన్నా ముసలి విమానం ఎప్పుడూ వాటి వెనకే ఉండాలి.

ఇదంతా అల్యూమినియం కథ. 2009లో ఎవరెట్‌లో ఇంకో కొత్త విమానాన్ని కట్టేసి రెక్కలు వంచారు. రేకు కాదు, కార్బన్ గుడ్డ పొరలు. తుప్పు లేదు, వయసు లేదు, ఇంకా ఒక్కసారి కూడా ఎగరలేదు. రెక్క ఒంటిని కలిసేచోట పొరలు విడిపోయాయి. ఆ 787 కథ వచ్చే వారం.